మూతబండ లేపకముందే ఏమేం తీసిపెట్టుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల గుట్టల పక్కన జనం పాండవుల గుళ్లనీ, రాకాసి గుళ్లనీ పిలిచే రాతి కట్టడాలు ఇనుపయుగపు సమాధులు. కొన్ని నేలపైనే కనిపిస్తాయి. కొన్ని పూర్తిగా మట్టి కింద ఉంటాయి: నాలుగు నిలువు బండలు, అడుగున పరుపు బండ, పైన మూతబండ, చాలాచోట్ల తూర్పు బండకు గుండ్రటి కన్నం, చుట్టూ గుండ్ల వలయం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇలాంటి గది తవ్వకాన్ని ఫోటోల్లో, కాగితం మీద ఎలా నమోదు చేయాలన్నదే.

ప్రశ్న: శిక్షణ తవ్వకానికి వెళ్తున్నాం. రాతి సమాధి ఒకటి తెరుస్తారట. ఫోటోల పని నాకు అప్పజెప్పారు. ఏ దశలో ఏం తీయాలి?
– ఎం.ఏ. విద్యార్థిని, తిరుపతి

మొదటి ఫోటోలు గడ్డి కూడా పీకకముందు తీయాలి. గుండ్ల వలయాన్ని నాలుగు దిక్కుల నుంచి, దగ్గర్లో ఎత్తయిన బండ ఉంటే దానిమీద నుంచి ఒకటి. పొదలు కొట్టాక మళ్లీ అవే చోట్ల నిలబడి అవే కోణాల్లో తీయండి. కెమెరా నిలిపిన చోట మేకు దిగ్గొట్టి ఉంచుకుంటే చివరి రోజు దాకా పనికొస్తుంది.

వలయాన్ని సాధారణంగా నాలుగు ముక్కలుగా విభజించి, ఎదురెదురు ముక్కలు ముందు తవ్వి, మధ్యలో శిలువ ఆకారంలో మట్టిగోడ వదులుతారు. ఆ గోడ మొహాన్నే సెక్షన్ అంటారు. గుంత కోసి బండలు నిలిపారా, బండలు నిలిపాక చుట్టూ మట్టి పోశారా అన్నది ఆ మొహం మీదే తెలుస్తుంది. గోడ పడగొట్టే ముందు దానికి ఎదురుగా నిలబడి, కెమెరా వాలకుండా, మీటరు కర్రను నిలువుగా పెట్టి తీయాలి. ఈ ఒక్క ఫోటో తప్పితే తర్వాత ఎంత తవ్వినా అది దొరకదు.

మూతబండ పూర్తిగా బయటపడ్డాక ఒక పూట తవ్వకం ఆపి రికార్డు పని మాత్రమే చేయండి. ప్రతి రాయికీ సంఖ్య ఇవ్వండి. పెయింటు, సుద్దముక్క వద్దు. చిన్న అట్టముక్క మీద రాసి రాయి పక్కన పెట్టి తీయండి. బండ పైభాగం, నాలుగు అంచులు, పగుళ్లు, దానికీ నిలువు బండలకీ మధ్య ఇరికించిన చీలికరాళ్లు, కన్నం ఉంటే బయటినుంచి దానికి అడ్డంగా పెట్టిన చిన్న పలక – ఇవన్నీ విడివిడిగా కావాలి. ఆ అడ్డుపలకను ఎవరో ఒకరు ఉత్సాహం కొద్దీ పక్కకు జరిపేస్తారు. ఆ తర్వాత గది మూసినదే మూసినట్టుందా, మధ్యలో ఎవరైనా తెరిచారా అన్నది తేల్చలేం.

ఇక బండ లేపే రోజు. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ బండ దాదాపు 1.6 టన్నులు తూగుతుంది. చైన్ పుల్లీ కోసం మూడు కాళ్ల దూలాలు నిలబెడతారు కదా, ఆ కాళ్లు ఎక్కడ పడతాయో ముందే అడిగి తెలుసుకోండి. మీ కొలత బిందువులు, అంటే కొలతలన్నిటికీ ఆధారంగా నేలలో పాతిన గుర్తులు, సరిగ్గా అక్కడే ఉంటే ఆ రోజు పోతాయి. కనీసం నాలుగు బిందువులు, వీలైతే ఆరు, తొక్కిడి లేనిచోట పాతండి. బండ గాలిలో ఉండగా కింద ఎవరూ దూరకూడదు, ఫోటో కోసం అసలే కూడదు. దాన్ని చెక్కదిమ్మెల మీద దించాక అడుగు వైపు తీయండి. ఉలి దెబ్బలు, బండ చీల్చడానికి కొట్టిన గాళ్లు తరచు ఆ వైపే ఉంటాయి.

లేపిన వెంటనే నిలువు బండల పైఅంచుల మట్టాలు మళ్లీ కొలవాలి. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్విన కర్ణాటకలోని బ్రహ్మగిరి గదుల్లో ఒక్కో బండ కొస పక్కబండను దాటి బయటికి పొడుచుకొచ్చి, పైనుంచి స్వస్తిక్‌లా కనిపిస్తుంది. బయటి మట్టి తోపుకి బండలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడే ఏర్పాటది. పైబరువు తీసేసినా, ఒక పక్క మట్టి లాగేసినా ఆ పొందిక సడలి బండ ఒరుగుతుంది. ఏ బండ కొస ఏ బండను దాటిందో నాలుగు మూలల్లోనూ ఒక్కో ఫోటో తీసిపెట్టండి.

లోపలి మట్టిని 10 సెంటీమీటర్ల చొప్పున దించుతూ, సగం తీసి సగం ఉంచితే గదిలోనే ఒక సెక్షన్ వస్తుంది. కన్నంలోంచి వానకు కొట్టుకొచ్చిన మట్టి కన్నం దగ్గర ఎత్తుగా, ఎదురు బండ వైపు పలచగా సన్నని పొరలుగా పేరుకుంటుంది. అలా కాకుండా వదులుగా, కలగాపులగంగా ఉండి, అందులో గుట్కా కవరు కనబడితే నిధుల వాళ్లు మీకంటే ముందే వచ్చి వెళ్లినట్టు. ఆ కవరును కూడా స్కేలు పెట్టి తీయండి.

ఇంకో మాట. ప్రతి దృశ్యానికీ రెండు ఫోటోలు: బోర్డుతో ఒకటి, బోర్డు లేకుండా ఒకటి. బోర్డు మీద చోటు, ట్రెంచ్ (తవ్వుతున్న గుంత), పొర సంఖ్య, కెమెరా చూస్తున్న దిక్కు, తేదీ ఉండాలి. స్కేలు ఫ్రేము అంచుకు సమాంతరంగా, వస్తువు ఉన్న మట్టంలోనే ఉండాలి. అడుగున కుండ, గట్టు మీద స్కేలు పెడితే స్కేలు కెమెరాకు దగ్గరగా ఉండి పెద్దదిగా పడుతుంది, కుండ చిన్నదైపోతుంది.

ప్రశ్న: గది లోపల ఒక మనిషి ముడుచుకుని కూర్చునే చోటే ఉంటుంది. ఫ్లాష్ వేస్తే దగ్గరి బండ తెల్లబోతుంది, దూరంది నల్లగా వస్తుంది. త్రీడీ మోడల్‌కి (చాలా ఫోటోలను సాఫ్ట్‌వేర్‌తో కలిపి చేసేది) తీస్తే లోపలిది వేరు, బయటిది వేరు ముక్కలుగా వస్తోంది.
– ఫోటోగ్రాఫర్, శ్రీకాళహస్తి

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అర మీటరులో ఒక బండ, మీటరులో ఇంకో బండ ఉన్న గదిలో కెమెరా మీది ఫ్లాష్ ఎలా సర్దినా రెండింటికీ సరిపోదు. దాన్ని తీసేసి రెండు ఎల్‌ఈడీ ప్యానళ్లు వాడండి. ముందర బటర్ పేపరు కట్టి, బండల మీదికి నేరుగా కాకుండా పైన కట్టిన తెల్ల గుడ్డ మీదికి తిప్పండి. హాలోజన్ దీపాలు మాత్రం వద్దు. గంటలో లోపలి మట్టి ఎండి నెర్రెలిస్తుంది, ఎముక ఉంటే పొట్టు లేస్తుంది. కరెంటు లేనిచోట థర్మోకోల్ షీటుకు అల్యూమినియం రేకు అతికించి, కన్నంలోంచి ఎండను లోపలికి మళ్లించినా చక్కగా పనిచేస్తుంది. కాకపోతే ఎండనూ ఎల్‌ఈడీనీ ఒకే ఫ్రేములో కలపొద్దు, సగం బండ పసుపు, సగం నీలం అవుతుంది.

మోడల్ కోసం తీసేటప్పుడు దీపాలు కదలకూడదు. దీపం కెమెరాతో పాటు తిరిగితే నీడలూ తిరుగుతాయి, సాఫ్ట్‌వేర్ నీడ అంచునే రాతి అంచు అనుకుంటుంది. 24 లేదా 35 ఎంఎం స్థిర లెన్సు, ఎఫ్/8, మాన్యువల్ ఎక్స్‌పోజర్, ట్రైపాడ్. జూమ్ లెన్సు తప్పనిసరైతే రింగు కదలకుండా టేపు చుట్టండి. ఒకచోట కూర్చుని తల తిప్పినట్టు చుట్టూ తీస్తే ఎన్ని తీసినా లోతు తెలియదు. బండకు ఎదురుగా పక్కకు జరుగుతూ, పక్కపక్క ఫోటోల్లో 70–80 శాతం ఒకే భాగం వచ్చేలా తీయాలి.

రెండు ముక్కలవడానికి కారణం గడప దగ్గరి ఫోటోలు లేకపోవడం. కన్నానికి మీటరు దూరం నుంచి మొదలుపెట్టి, ప్రతి పది సెంటీమీటర్లకూ ఒకటి తీస్తూ కన్నం దాటి లోపలికి వెళ్లండి. కన్నం అంచు మందం, అంటే బండ మందమే, అన్నిటిలోనూ కనిపించాలి. మూతబండ తీసేసి ఉంటే పైఅంచు మీదుగా కూడా ఇలాగే దిగవచ్చు. లోపల కనీసం మూడు గుర్తుబిళ్లలు (ఫోటోల్లో స్పష్టంగా కనబడేలా అంటించే గుర్తులు) ఉండి వాటి కొలతలు బయటి బిందువులతో ముడిపడి ఉంటే, ముక్కలైనా తర్వాత అతికించుకోవచ్చు.

ఉలి గీతలు, చెక్కుడు బొమ్మలు కనబడాలంటే దీపాన్ని బండకు దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టాలి. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి, ఒక దిక్కు వెలుగులో దాగిన గీత ఇంకో దిక్కులో లేస్తుంది. ఇవి మోడల్ ఫోటోలతో కలిపేయవద్దు.

దూరే ముందు పొడవాటి కర్రతో మూలలన్నీ కదిపి చూడండి. మన గుట్టల్లో తేళ్లకీ పాములకీ ఇంతకంటే చల్లని చోటు దొరకదు. మూతబండ ఇంకా పైనే ఉంటే లోపల పావుగంటకు మించి ఉండకండి, బయట ఒక మనిషి ఉండాల్సిందే.

ప్రశ్న: త్రీడీ మోడల్ వచ్చాక గ్రాఫు పేపరు మీద గీయడం ఎందుకు? మట్టాలు కూడా మోడల్ నుంచే తీసుకోవచ్చు కదా?
– సివిల్ డిప్లొమా విద్యార్థి, చిత్తూరు

మోడల్ రాయి ఎక్కడుందో చెబుతుంది. ఈ మట్టి గుంత తవ్వినప్పటిది, ఆ మట్టి గుంత పూడ్చినప్పటిది అని గీత గీసేది మనిషే. ఆ గీత ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి తాపీతో గీకి, వేలితో నొక్కి చూడాలి. రెండూ కలిపే పద్ధతి మేలు: కొలతకు సరిపోయేలా పైనుంచి తీసిన ఫోటోను ముద్రించి ట్రెంచ్ దగ్గరికే తీసుకెళ్లి, దానిమీద పారదర్శక ఫిల్ము పరచి గీయండి. ప్లాను 1:20లో, సెక్షన్లు 1:10లో. మోడల్‌ను నమ్మే ముందు, కొలత బిందువులుగా వాడని రెండు చోట్ల మధ్య దూరం టేపుతో కొలిచి పోల్చండి. సెంటీమీటరు మించి తేడా వస్తే మళ్లీ తీయాల్సిందే.

మట్టాలకు డంపీ లెవెల్‌ను (ముక్కాలిపీట మీద నిలిపి ఎత్తుల తేడా చూసే దుర్భిణి పరికరం) వదలొద్దు. కదలని బండ మీద గుర్తు పెట్టి దాన్ని 100.000 మీటర్లు అనుకోండి. దానిమీద నిలిపిన స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) 1.420 చూపితే మీ దృష్టిరేఖ 101.420. మూతబండ ఈశాన్య మూల మీద 0.965 చదివితే ఆ మూల మట్టం 100.455. గదిలో కుండ అడుగు దగ్గర 2.870 వస్తే 98.550. అంటే మూతబండ మీది నుంచి కుండ అడుగుకు 1.905 మీటర్లు. స్టాఫ్ వాలితే రీడింగు ఎక్కువొచ్చి చోటు లోతుగా కనబడుతుంది. దాని అడుగున మట్టి అంటుకుంటే రీడింగు తగ్గి చోటు ఎత్తుగా కనబడుతుంది. సాయంత్రం మూసేముందు మళ్లీ మొదటి గుర్తు మీద చదవండి, 5 మిల్లీమీటర్ల కంటే తేడా ఉంటే ఆ రోజు మట్టాలన్నీ అనుమానమే.

ఫోన్ జీపీఎస్ చోటు కనుక్కోవడానికి సరిపోతుంది, ట్రెంచ్ గీయడానికి కాదు. కొన్ని మీటర్ల తేడా మామూలే. టోటల్ స్టేషన్ (కోణాలూ దూరాలూ కలిపి కొలిచే సర్వే పరికరం) ఫలితాలను మ్యాపుకి కలిపేటప్పుడు, భూమిని నిలువు మండలాలుగా పంచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర మండలం ఎంచుకోండి. తిరుపతి, చిత్తూరు, కుప్పం అన్నీ అందులోకే వస్తాయి.

ప్రశ్న: సెక్షన్ మీద నీళ్లు చల్లి తీస్తే పొరలు బాగా కనబడతాయంటారు. చల్లవచ్చా?
– పాఠకుడు, పుత్తూరు

చల్లవచ్చు, పొడిగా ఒకటి తీశాకే. మొక్కలకు వాడే స్ప్రేయరుతో మంచులా పట్టించి, ఐదు నిమిషాలాగి, మెరుపు పోయాక తీయండి. గరుసు, ఇసుక ఎక్కువగా ఉన్న మొహం మీద వద్దు, జారిపోతుంది. నీడకు నీలం టార్పాలిన్ కట్టకండి, ఎర్రమట్టి ఊదారంగుకు తిరుగుతుంది. తెల్ల పంచె చాలు. రంగులు తర్వాత సరిచూసుకోవడానికి మొదటి ఫ్రేములో బూడిదరంగు కార్డు పెట్టడం మరవొద్దు. మన దగ్గర ఏడున్నర దాటితే ఎండ నిలువు బండలకు కత్తిలాంటి నీడలు తెస్తుంది, మబ్బు పట్టిన రోజే ఫోటోకి మంచి రోజు. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు కాబట్టి ఆ మబ్బుల కోసం తవ్వకం పెట్టుకోకండి.

ప్రశ్న: మా చేను చదును చేయిస్తుంటే జేసీబీకి పెద్ద పలకలు తగిలాయి. ఒకదానికి గుండ్రటి కన్నం ఉంది. ఊళ్లో కొందరు పసుపు కుంకుమ పెట్టారు, కొందరు లోపల నిధి ఉందంటున్నారు. ఫోన్‌తో ఏం తీయాలి, ఎవరికి చెప్పాలి?
– రైతు, బంగారుపాళ్యం

జేసీబీని ఆపించండి, తగిలిన పలకను సరిచేయబోకండి. నాలుగు వైపుల నుంచీ వెనక్కి జరిగి తీయండి. వెనకాల కొండో, కరెంటు స్తంభమో, చింతచెట్టో పడితే చోటు మళ్లీ గుర్తుపట్టవచ్చు. తర్వాత దగ్గరగా, పక్కన స్టీలు టేపు తెరిచి పెట్టి, కన్నాన్నీ బకెట్ పళ్లు కొట్టిన చోట్లనూ తీయండి. పసుపు కుంకుమను కడగకండి, నీళ్లతో అది రాతి రంధ్రాల్లోకి ఇంకుతుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గి, తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి.

తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలిపి నకలు దగ్గరుంచుకోండి, రాష్ట్ర పురావస్తు శాఖకూ ఒకటి పంపండి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఉంది, వాళ్లకు చెప్పినా దారి చూపుతారు. మట్టిలో దొరికిన వస్తువుల విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టమే చెబుతోంది. ఇక నిధి మాట: ఈ గదుల్లో సాధారణంగా ఉండేవి ఎముకల ముక్కలు, నలుపు–ఎరుపు రంగుల కుండలు, తుప్పుపట్టిన ఇనుప పనిముట్లు, అక్కడక్కడ కాళ్లున్న మట్టి శవపేటిక. ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. లొకేషన్ బయటపడితే రాత్రికే పలుగులొస్తాయి.

ప్రశ్న: తవ్వకం అయ్యాక గదిని అలాగే వదిలేస్తారా?
– ఉపాధ్యాయురాలు, పలమనేరు

చూపించడానికి, కాపలాకి ఏర్పాటు లేకపోతే పూడ్చడమే మంచిది. తవ్విన మట్టం దాకా నేత గుడ్డలాంటి షీటు పరచి, జల్లెడ పట్టిన మట్టినే తిరిగి పోస్తారు. నిలువు బండలకు లోపలా బయటా ఒకే ఎత్తున పోస్తూ రావాలి, ఒక పక్కనే పోస్తే బండ ఒరుగుతుంది. షీటు వేశాక ఒకసారి, సగం పూడ్చాక ఒకసారి, పూర్తయ్యాక మొదటి రోజు కోణాల నుంచే ఒకసారి ఫోటోలు తీస్తారు. షీటు కింద ఈ ఏటి రూపాయి బిళ్ల ఒకటి వేస్తారు, మళ్లీ ఎప్పుడో తవ్వేవాళ్లకు మనం ఎక్కడిదాకా దిగామో తెలియడానికి.