పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్: నోటిఫికేషన్ కన్నా ముందు ల్యాబ్‌ను వెతకాలి

ప్రశ్న: మాది అనంతపురం. నేను రిటైరైన హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించింది. వైవా (థీసిస్‌పై మౌఖిక పరీక్ష) ఇంకా జరగలేదు. నీటి ఎద్దడిలో వేరుశనగకు దాని వేళ్ల దగ్గర ఉండే బ్యాక్టీరియా ఎలా తోడ్పడుతుందన్నది ఆమె పరిశోధనాంశం. వయసు 31. ఒక విశ్వవిద్యాలయం సైన్సు విభాగాలన్నిటిలో పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు ఇస్తామని ప్రకటించింది, దానికి దరఖాస్తు చేస్తానంటోంది. ఇదే సమయంలో ఇక్కడి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వారు లెక్చరర్‌గా చేరమంటున్నారు. బంధువులేమో ‘ఇంకా ఎన్నాళ్లు ఈ చదువు?’ అని అడుగుతున్నారు. పోస్ట్‌డాక్ అంటే మరో డిగ్రీయా? దానివల్ల ఉద్యోగం వస్తుందా? రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదివిన పిల్లకు పెద్ద సంస్థల్లో చోటు దొరుకుతుందా?

జవాబు: అయ్యా, ముందుగా మీ బంధువుల ప్రశ్నకు సమాధానం చెబుతాను. పోస్ట్‌డాక్ చదువు కాదు, ఉద్యోగం. అందులో పరీక్షలుండవు, చివర పట్టా ఇవ్వరు. పీహెచ్‌డీ పూర్తి చేసిన పరిశోధకురాలు సాధారణంగా రెండు మూడేళ్ల పాటు, నెలనెలా ఫెలోషిప్ తీసుకుంటూ, మరో శాస్త్రవేత్త ప్రయోగశాలలో తన సొంత ప్రణాళిక ప్రకారం పనిచేయడాన్నే పోస్ట్‌డాక్ అంటారు. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం 2023లో సవరించిన రేట్ల ప్రకారం పోస్ట్‌డాక్ స్థాయి పరిశోధకులైన రీసెర్చ్ అసోసియేట్‌లకు మొదటి స్థాయిలో నెలకు 58,000, రెండో స్థాయిలో 61,000, మూడో స్థాయిలో 67,000 రూపాయలు ఇస్తారు. నగరాన్ని బట్టి ఇంటి అద్దె భత్యం దానికి అదనం. ఈ అంకెను కాలేజీ వారు చెప్పిన జీతం పక్కన పెట్టి చూస్తే, అమ్మాయి సంపాదన వాయిదా వేసుకుని ఇంకా చదువుకుంటోందన్న మాట నిలబడదు.

ఉద్యోగం విషయంలో మాత్రం మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. పోస్ట్‌డాక్ చేసిన ప్రతివారికీ శాశ్వత ఉద్యోగం వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. అయితే విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పిలిచేవారి జాబితా తయారు చేయడానికి యూజీసీ 2018 నిబంధనల్లో ఇచ్చిన మార్కుల పట్టికలో, పీహెచ్‌డీకి 30 మార్కులు ఉండగా, బోధనానుభవానికీ పోస్ట్‌డాక్ అనుభవానికీ కలిపి ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10 మార్కులు కేటాయించారు. అంటే ఆ పట్టిక దృష్టిలో కాలేజీలో పాఠం చెప్పిన ఏడాదీ ల్యాబ్‌లో పనిచేసిన ఏడాదీ సమానమే. తేడా మరోచోట ఉంది. మంచి ల్యాబ్‌లో గడిపిన రెండేళ్లలో కొత్త పద్ధతులు చేతికి వస్తాయి, మంచి పరిశోధన పత్రికల్లో పేపర్లు (పరిశోధన వ్యాసాలు) వస్తాయి, తన పనిని స్వయంగా చూసిన మరో శాస్త్రవేత్త సిఫారసు లేఖ ఇవ్వగలుగుతారు. రోజంతా తరగతులతో సరిపోయి పరిశోధన సదుపాయాలు లేని కాలేజీలో ఇవేవీ దొరకవు. అక్కడ రెండు మూడేళ్లు గడిపాక పోస్ట్‌డాక్‌కు వెళ్లాలంటే, అప్పటికి పేపర్ల మధ్య ఏర్పడిన ఖాళీయే అడ్డు నిలుస్తుంది. అందుకే ముందు పోస్ట్‌డాక్, తర్వాత బోధన అన్న వరుసనే నేను సూచిస్తాను.

ఇక అసలు విషయం. మన జిల్లాల్లో ప్రభుత్వ ఉద్యోగమంటే నోటిఫికేషన్ వచ్చేదాకా చదువుతూ ఉండి, వచ్చాక దరఖాస్తు నింపి, పరీక్ష రాయడమన్నది పిల్లలకూ పెద్దలకూ అలవాటైన పద్ధతి. పోస్ట్‌డాక్ ఎంపిక ఈ పద్ధతిలో జరగదు. మీరు చెప్పిన విశ్వవిద్యాలయ ప్రకటననే తీసుకోండి. భౌతిక, రసాయన, జీవ, భూవిజ్ఞాన, గణిత శాస్త్రాలన్నిటికీ కలిపి ఒకే ప్రకటన వచ్చినా, అభ్యర్థిని ఎంచుకునేది చివరికి ఒక ల్యాబ్. ఇలాంటి దరఖాస్తుల్లో సాధారణంగా పరిశోధన ప్రణాళిక, పేపర్ల జాబితా, సిఫారసు చేసేవారి వివరాలతో పాటు, ఈ అభ్యర్థి వస్తే నా ల్యాబ్‌లో చోటిస్తానని అక్కడి అధ్యాపకుడు ఇచ్చే అంగీకారం కూడా అడుగుతారు. ప్రకటన వెలువడ్డాక వెబ్‌సైట్ తెరిచి ఎవరికి రాయాలా అని ఆలోచించే అభ్యర్థి కంటే, అంతకు మూడు నాలుగు నెలల ముందే ఆ అధ్యాపకుడితో ఉత్తరాలు నడిపి, ప్రణాళికను ఆయనతో చర్చించి సరిదిద్దుకున్న అభ్యర్థి ఎంతో ముందుంటారు. కాబట్టి ఈ ప్రకటనకు తప్పక దరఖాస్తు చేయించండి, కానీ ఇది ఒక్కటే అవకాశమని అనుకోవద్దు. అమ్మాయి ఈ వారమే మొదలుపెట్టవలసిన పని, తన ప్రశ్నపై పనిచేస్తున్న పది పదిహేను ల్యాబ్‌లను గుర్తించడం.

ఆ వెతుకులాటలో మైక్రోబయాలజీ అన్న బోర్డు ఉన్న విభాగాలకే ఆమె పరిమితం కానవసరం లేదు. వేరుశనగ వేరు దగ్గర జరిగే వ్యవహారాన్నే చూడండి. ఆ వేళ్లు మట్టిలోకి వదిలే రసాయనాలు ఏవో తేల్చడం రసాయనశాస్త్ర విభాగాల్లో మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువును బట్టి రసాయనాలను గుర్తించే పద్ధతి) చేసేవారి పని. మట్టిలోని బ్యాక్టీరియా డీఎన్ఏను సీక్వెన్స్ చేసి (అక్షరక్రమాన్ని చదివి), కుప్పలుగా వచ్చే ఆ సమాచారాన్ని విశ్లేషించడానికి కంప్యూటేషనల్ బయాలజీ వారికి జీవశాస్త్రం తెలిసినవారు కావాలి. ఎర్రనేలలో తేమ ఎంత లోతున ఎన్నాళ్లు నిలుస్తుందన్నది భూవిజ్ఞానం, మృత్తికాశాస్త్రం చూసే ప్రశ్న. మీ అమ్మాయి తన ప్రశ్నను అలాగే ఉంచుకుని, ఇంతవరకు తన చేతిలో లేని పద్ధతి ఏ ల్యాబ్‌లో ఉందో అక్కడికి వెళ్లడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఎంపిక. పీహెచ్‌డీలో చేసిన పనినే మరో ఊళ్లో కొనసాగించేవారికంటే, పాత ప్రశ్నకు కొత్త పద్ధతి జోడించేవారి ప్రణాళిక ఎంపిక సంఘానికి సహజంగానే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది.

ప్రొఫెసర్‌కు రాసే మొదటి ఈమెయిల్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే అవకాశం పోగొట్టుకుంటున్నారు. ‘గౌరవనీయులైన సార్, నేను కష్టపడి పనిచేస్తాను, మీ ప్రఖ్యాత ల్యాబ్‌లో అవకాశం ఇప్పించగలరు’ అంటూ ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపితే ఎవరూ జవాబివ్వరు. ఉత్తరం పది పన్నెండు వాక్యాలకు మించకూడదు. మొదటి రెండు వాక్యాల్లో తానెవరో, థీసిస్ ఏ దశలో ఉందో చెప్పాలి. తర్వాత తన పనిలో తేలిన ముఖ్యమైన ఫలితం ఒక్కటి చెప్పాలి. ఉదాహరణకు, కుండీల్లో పెంచిన వేరుశనగ మొక్కలకు నీరు ఆపేసినప్పుడు, ఫలానా బ్యాక్టీరియా కలిపిన మొక్కల వేళ్లపై బుడిపెలు ఎన్ని నిలిచాయి, కలపని వాటిపై ఎన్ని నిలిచాయి అన్నది అంకెతో సహా రాస్తే, చదివే శాస్త్రవేత్తకు ఆమె పని స్థాయి వెంటనే అర్థమవుతుంది. ఆ తర్వాత ఆ ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పేపర్‌ను నిజంగా చదివి, అందులో తనకు తట్టిన ప్రశ్నను, దాన్ని తేల్చడానికి తాను చేయదలచిన ప్రయోగాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయాలి. బయోడేటా, ముఖ్యమైన పేపర్ జతచేస్తే సరిపోతుంది. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు. ఈ ఉత్తరాలు ఆమె స్వయంగా రాయాలి. ఎంత ప్రేమతోనైనా సరే, తల్లిదండ్రులు ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి మాట్లాడవద్దని మనవి.

మిగతా దారుల్లో ముఖ్యమైనది నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. ఒకప్పుడు పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ నడిపిన ఈ పథకం 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ కిందికి వచ్చింది. కాలవ్యవధి రెండేళ్లు, వయోపరిమితి 35. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఇస్తూ వచ్చారు. థీసిస్ సమర్పించి డిగ్రీ కోసం ఎదురుచూస్తున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చన్నది మీ అమ్మాయికి పనికొచ్చే నిబంధన. ఎంపికైతే డిగ్రీ చేతికి వచ్చేదాకా ఫెలోషిప్ మొత్తం కొంత తక్కువగా ఉంటుంది. దీనికి కూడా మెంటర్ (తన ల్యాబ్‌లో చోటిచ్చే శాస్త్రవేత్త) అంగీకారం ముందే కావాలి. జీవశాస్త్రాల వారికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే రీసెర్చ్ అసోసియేట్‌షిప్ ఉంది, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ దాని ఎంపికను సమన్వయం చేస్తూ వచ్చింది. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) రీసెర్చ్ అసోసియేట్‌షిప్ మరొకటి. ఇవి కాక, అధ్యాపకులు తమ ప్రాజెక్టు నిధుల నుంచి నేరుగా తీసుకునే రీసెర్చ్ అసోసియేట్ స్థానాలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. వీటికి ప్రచారం తక్కువ, పోటీ కూడా తక్కువ. పేరున్న ఫెలోషిప్ కాదని వీటిని చిన్నచూపు చూడకూడదు. ఆరు నెలలు ప్రాజెక్టులో పనిచేసి, అదే ల్యాబ్ నుంచి జాతీయ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోవడం తెలివైన దారి.

అనంతపురం వాసులకు దూరం పెద్ద ఇబ్బంది కాదు. బెంగళూరు రైలు ఎక్కితే కొన్ని గంటల ప్రయాణం. భారతీయ విజ్ఞాన సంస్థ, నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్, జవాహర్‌లాల్ నెహ్రూ సెంటర్, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం అన్నీ అక్కడే ఉన్నాయి. ఇటు తిరుపతిలో సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్, ఐఐటీ రెండూ 2015లో మొదలయ్యాయి. హైదరాబాద్ వైపు కేంద్రీయ విశ్వవిద్యాలయం, కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉన్నాయి. అన్నిటికంటే ముందుగా ఆమె చూడవలసింది పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అని నా అభిప్రాయం. మెట్ట ప్రాంతాల పంటల కోసం 1972లో ఏర్పడిన ఆ సంస్థ ప్రధానంగా పనిచేసే పంటల్లో వేరుశనగ ఒకటి.

విదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జర్మనీకి చెందిన హంబోల్ట్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ వచ్చిన నాలుగేళ్లలోపు, జపాన్ జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌కు ఆరేళ్లలోపు, ఐరోపా మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఎనిమిదేళ్లలోపు దరఖాస్తు చేయాలన్నవి స్థూలంగా ఉన్న గడువులు. ఇక్కడ కూడా ఆతిథ్యమిచ్చే శాస్త్రవేత్త దొరకడమే మొదటి మెట్టు. స్వదేశంలో ఒకటి రెండు పేపర్లు వచ్చాక వెళ్లినా ఈ గడువులు దాటిపోవు కాబట్టి తొందర లేదు. పోస్ట్‌డాక్ సర్టిఫికెట్ ఇస్తామంటూ అభ్యర్థి నుంచే వేలు, లక్షలు అడిగే ప్రకటనలు ఏ దేశం పేరుతో వచ్చినా నమ్మకండి. పోస్ట్‌డాక్‌లో డబ్బు సంస్థ నుంచి పరిశోధకురాలికి రావాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదివినందుకు వెనకబడిపోతామన్న భయం నేను కర్నూలు, కడప పిల్లల్లోనూ చూస్తున్నాను. ఎంపిక సంఘం ముందు చూసేది మొదటి రచయితగా వచ్చిన పేపర్లు, ప్రణాళిక, సిఫారసు లేఖలు. డబ్బు కట్టించుకుని ఏదైనా అచ్చువేసే పత్రికల్లో వచ్చిన పది పేపర్లకంటే, కఠినంగా పరిశీలించి వేసుకునే పత్రికలో వచ్చిన ఒక్క పేపరుకు విలువ ఎక్కువ. సిఫారసు లేఖల విషయంలో మన పిల్లలు గైడ్ గారితోనే ఆగిపోతారు. సాధారణంగా రెండు మూడు లేఖలు అడుగుతారు. వైవాకు బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే పరీక్షకులు థీసిస్ మొత్తం చదివి ఉంటారు కనుక, వైవా బాగా జరిగితే, తర్వాత వారిని లేఖ కోసం అడగడంలో తప్పు లేదు.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు గురించి ఆమెకు బెరుకు ఉంటే, మీరు చేయగల సాయం ఒకటుంది. తన పరిశోధనను ముందు మీకు తెలుగులో ఇరవై నిమిషాలు చెప్పమనండి. మీకు అర్థం కానిచోట ఆపి అడగండి. మీ ప్రశ్నలకు స్పష్టంగా జవాబు చెప్పగలిగిన రోజున అదే ప్రసంగాన్ని ఇంగ్లీషులో విభాగంలోని తోటి పరిశోధకుల ముందు చెప్పమనండి. విషయం మీద పట్టు చిక్కాక భాష దానంతట అదే సర్దుకుంటుంది.

వైవా ఆలస్యం కాకుండా చూసుకోవడం కూడా ముఖ్యమే. పరీక్షకుల నివేదికలు రావడానికి నెలలు పట్టడం మామూలే కాబట్టి, గైడ్ గారి ద్వారా పరీక్షల విభాగంలో అప్పుడప్పుడు వాకబు చేయడం, వైవా కాగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టడం ఆమె మరిచిపోకూడదు. పెళ్లి విషయం మీరు రాయలేదు గానీ బంధువుల ప్రశ్న వెనుక అదీ ఉండి ఉండవచ్చు. ఆ నిర్ణయం ఆమెది, మీ కుటుంబానిది. పెళ్లయినంత మాత్రాన ఫెలోషిప్ ఆగదని, కేంద్ర నిబంధనల ప్రకారం రీసెర్చ్ అసోసియేట్‌లకు ప్రసూతి సెలవు కూడా ఉందని మాత్రం మీకు తెలిసి ఉండాలి.

చివరగా, కాలేజీ వారికి ఏం చెప్పాలి? ఇంటి ఖర్చులకు ఆమె జీతం అత్యవసరం కాకపోతే, ఈ విద్యాసంవత్సరానికి కృతజ్ఞతలు చెప్పి వద్దనడమే మంచిది. అవసరమైతే చేరవచ్చు, కానీ ఫెలోషిప్‌లకు దరఖాస్తు చేస్తున్న సంగతి దాచకుండా చెప్పి, నెల రోజుల నోటీసుతో రిలీవ్ చేస్తామన్న మాటను నియామక పత్రంలో రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉంచాలన్న షరతుకు మాత్రం ఒప్పుకోవద్దు. ఫెలోషిప్ ఉత్తర్వు వచ్చాక చేరడానికి ఇచ్చే గడువు తక్కువ, చేరే రోజున అవి ఆమె చేతిలో ఉండాలి.