చక్కెర నీళ్లు తాగించినా షుగర్ మళ్లీ ఎందుకు పడిపోయింది?

కారణం చాలావరకు షుగర్ తగ్గించే ఆ గ్లిమెపిరైడ్ మాత్రే. మీ నాన్నగారు పొద్దున మాత్ర వేసుకుని, టిఫిన్ చేయకుండా బీసెంట్ రోడ్డులో ఎండలో తిరిగారన్నారు. చక్కెర నీళ్లతో తేరుకున్నారు, గంటకే మళ్లీ చెమటలు, వణుకు. మాత్ర ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది, చక్కెర నీళ్లది కాసేపే.

1. చెమట, వణుకు, గుండెదడ, పొంతనలేని మాటలు కనిపిస్తే షుగర్ మీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువైతే లో షుగర్. మీటర్ దగ్గర లేదా? ఆగకుండా తీపి ఇచ్చేయండి.

2. మూడు నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. పూతరేకులు, కోవా వద్దు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే. గడియారం చూసుకుని 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే చక్కెర. 70 దాటాక రెండు ఇడ్లీలో, పెరుగన్నమో తప్పకుండా తినిపించండి. మామూలుగా మాట్లాడుతున్నారు కదా అని ఇక్కడ ఆపేయకండి. మా అమ్మ విషయంలో నేనూ ఆపేశాను, సాయంత్రానికి షుగర్ మళ్లీ పడిపోయింది.

4. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

హై షుగర్ ఇలా నిమిషాల్లో రాదు. దాహం, మాటిమాటికీ మూత్రం, నోరెండడం ఉంటాయి. 300 దాటి వాంతులు, ఆయాసం, మగత ఉంటే వెంటనే ఆస్పత్రికి.

ఇవాళే డాక్టర్‌కు చెప్పండి. రాత్రి పడుకునే ముందు కూడా మీటర్ చూడండి. రేపటి మాత్ర డాక్టర్‌ను అడిగాకే.