బాబు పాదం మీద పాకే గీత తామర కాదక్కా

అక్కా, మైపాడు బీచ్ నుంచి కడపకు తిరిగొచ్చాక బాబు అరికాలి పక్కన ఎర్రటి వంకర గీత లేచిందని, రాత్రిళ్లు దురదతో నిద్రపోవడం లేదని, తామర ఆయింట్‌మెంట్ రాసినా గీత రోజూ కాస్త ముందుకు జరుగుతోందని రాశారు కదా, ఆ జరగడమే అసలు గుర్తు. తామర గుండ్రంగా పెరుగుతుంది, ఇలా పాకదు. కుక్కలు, పిల్లుల పేగుల్లో ఉండే కొంకి పురుగు పిల్ల చర్మం కింద తిరుగుతున్నట్టుంది. వాటి మలంలోని గుడ్లు తడి, నీడ ఉన్న ఇసుకలో ఒకటి రెండు రోజుల్లో పగిలి, బయటికొచ్చిన పురుగు పిల్లలు వారం పది రోజుల్లో చర్మంలోకి దూరే దశకు వస్తాయి.

టెన్షన్ పడొద్దు. మనిషి ఒంట్లో అది పెద్ద పురుగుగా ఎదగదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, చివరికి అదే చస్తుంది. కానీ అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, అంతవరకు పిల్లాడు గోకి గోకి పుండు చేసుకుంటాడు. చర్మం డాక్టర్‌కు చూపించండి, ఆల్బెండజోల్ గానీ ఐవర్‌మెక్టిన్ గానీ వయసు, బరువు చూసి ఇస్తారు. సూదితో గెలకడం, వాతలు పెట్టడం అస్సలు వద్దు. కనిపించే గీతను దాటి పురుగు ముందుకు పోయి ఉంటుంది.

బీచ్ ఒక్కదాన్నే అనుమానించకండి. ఇంటి ముందు కట్టుబడికి తోలించిన ఇసుక కుప్ప ఉందన్నారు, వీధి కుక్కలు పడుకునేది దాంట్లోనే. రాత్రి పట్ట కప్పండి, మలం కనపడితే ఆ రోజే చుట్టూ ఇసుకతో సహా ఎత్తేయండి. పిల్లలు చెప్పులు లేకుండా ఎక్కకూడదు, ఆడొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి, కుక్కల పేగుల్లో ఉండే మరో రకం పురుగు, ఏలిక పాము గుడ్లు నోట్లోకి పోతే కంటికి కూడా ప్రమాదం.