పదకొండో వారంలో ఫ్లూ టీకా: వేయించుకోవాలా, ఆగాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్లు. ఇప్పుడు పదకొండో వారం. ఇంతకుముందు ఒకసారి తొమ్మిదో వారంలో అబార్షన్ అయింది. అందుకే ఈసారి ప్రతిదానికీ భయమేస్తోంది. నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. తరగతిలో ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. మా డాక్టరు ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. ఇంటికొచ్చి వెతికితే, టీకా వేయించుకున్నవాళ్లలో అబార్షన్లు ఎక్కువగా కనిపించాయని 2017లో ఒక అధ్యయనం వచ్చినట్టు చదివాను. మా తోటికోడలు గర్భంతో లేనప్పుడే ఈ టీకా వేయించుకుని రెండు రోజులు జ్వరంతో పడుకుంది. అత్తయ్య "మూడు నెలలు దాటనివ్వు" అంటారు. మా ఆయన "నీ ఇష్టం" అంటారు. వేయించుకున్నాక ఏమన్నా అయితే నన్ను నేను క్షమించుకోలేను. కాన్పయ్యాక వేయించుకుంటే సరిపోదా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. వేయించుకోండమ్మా. కాన్పు దాకా ఆగకండి. మీ డాక్టరు సరైన సలహానే ఇచ్చారు.

ఇక మీరు చదివిన అధ్యయనం. అది ఉన్నమాటే, ఎవరో పుట్టించిన పుకారు కాదు. కాబట్టి "అలాంటివి చదవకండి" అని కొట్టిపారేయను. అమెరికాలో 2010–11, 2011–12 ఫ్లూ సీజన్లలో అబార్షన్ అయిన 485 మందిని, గర్భం నిలిచిన మరో 485 మందితో పోల్చి, అంతకుముందు 28 రోజుల్లో ఎవరెవరు టీకా వేయించుకున్నారో చూశారు. అబార్షన్ అయినవాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు ఎక్కువగా తేలారు. అయితే ఆ తేడా దాదాపు అంతా ఒక చిన్న గుంపులోనే ఉంది: అంతకుముందు సీజన్‌లో కూడా 2009 నాటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) రకం కలిసిన టీకా వేయించుకున్నవాళ్లలో. మిగతావాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. టీకా వల్లే అలా జరిగిందని ఆ అధ్యయనం చేసినవాళ్లు కూడా అనలేదు. ఇంకా ఎక్కువమందిని చూడాలి అన్నారు.

చూశారు కూడా. మీరు చదివినచోట ఆ భాగం లేనట్టుంది. 2012 నుంచి 2015 వరకు మూడు సీజన్లు తీసుకుని, ఈసారి వెయ్యికి పైగా జతలతో అదే బృందం మళ్లీ లెక్క కట్టింది. 2019లో ఫలితం వచ్చింది. టీకాకూ అబార్షన్‌కూ సంబంధం కనపడలేదు. వరసగా రెండు సీజన్లు వేయించుకున్నవాళ్లలోనూ కనపడలేదు. భయపెట్టే వార్త పరిగెత్తినంత వేగంగా ఊరట కలిగించే వార్త ఎప్పుడూ నడవదు, అదొక విచారం.

ఒకసారి పోగొట్టుకున్నారు కాబట్టి మీకు ఇంకో మాట కూడా చెప్పాలి. గర్భం నిలిచిందని తేలాక కూడా నూటికి పది నుంచి ఇరవై దాకా పోతూనే ఉంటాయి. వాటిలో చాలామటుకు మొదటి పన్నెండు వారాల్లోనే. దాదాపు సగం కేసుల్లో పిండం క్రోమోజోముల్లోనే తేడా ఉంటుంది. తల్లి ఏం చేసినా, ఏం చేయకపోయినా దాన్ని ఆపలేం. అలాంటి వారాల్లో వేలమందికి టీకా వేస్తే, కొందరికి ఆ తర్వాతి వారంలోనో నెలలోనో అబార్షన్ అవుతుంది. టీకా వేయకపోయినా వాళ్లకు అయ్యేదే. "మొన్ననే కదా వేయించుకున్నాను" అన్న బాధ మాత్రం ఆ తల్లికి మిగిలిపోతుంది. అందుకే ఒక్కరి అనుభవంతో కాకుండా, వేయించుకున్నవాళ్లనూ వేయించుకోనివాళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్క చూడాల్సి వస్తుంది.

మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్నది "వేయించుకున్నాక ఏమన్నా అయితే" అన్న మాట. "వేయించుకోక ఏమన్నా అయితే" అని మీరు ఒక్కసారి కూడా అడగలేదు. దాదాపు అందరూ అంతే. చేసిన పనికి మనల్ని మనం తిట్టుకున్నంతగా, చేయని పనికి తిట్టుకోం. కానీ మీ ముందున్నవి టీకా ఒక పక్క, ఏ ముప్పూ లేని ప్రశాంతత ఇంకో పక్క కావు. ఇంకో పక్క ఉన్నది గర్భంతో ఉండగా ఫ్లూ. రోజంతా దగ్గే పిల్లల మధ్య ఉండే మీకు అది దూరపు ముప్పేమీ కాదు.

గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ మామూలు జలుబులా పోదు. నెలలు గడిచేకొద్దీ గర్భసంచి పెరిగి ఊపిరితిత్తుల కింది పొరను నాలుగు సెంటీమీటర్ల దాకా పైకి నెడుతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజనేమో ఇరవై శాతం దాకా పెరుగుతుంది. అంటే చోటు తగ్గింది, అవసరం పెరిగింది. గుండె మీద పని ఎక్కువ. రోగనిరోధక శక్తి పనిచేసే తీరు కూడా మారుతుంది. ఈ స్థితిలో న్యుమోనియా పట్టుకుంటే తట్టుకోవడం కష్టం. 1918 మహమ్మారిలో ఫ్లూ వచ్చిన 1350 మంది గర్భిణుల వివరాలు సేకరించిన ఒక అమెరికా వైద్యుడు, వాళ్లలో 27 శాతం చనిపోయారని 1919లో రాశాడు. అప్పుడు యాంటీబయాటిక్స్ లేవు, వెంటిలేటర్లు లేవు, నిజమే. అవన్నీ ఉన్న 2009లో కూడా, అమెరికా జనాభాలో ఒక శాతమే ఉన్న గర్భిణులు హెచ్1ఎన్1 మరణాల్లో దాదాపు ఐదు శాతం ఉన్నారు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా విషయంలో గర్భిణులకు అందరికంటే ముందు స్థానం ఇచ్చింది.

కాన్పయ్యాక వేయించుకుంటే సరిపోదా అన్నారు. మీ వరకు కొంత సరిపోవచ్చు, బిడ్డకు సరిపోదు. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా వేయరు. ఆ ఆరు నెలలూ వాళ్లకున్న రక్షణ, మీ ఒంట్లో తయారై మాయ గుండా వాళ్లకు చేరిన యాంటీబాడీలే. తల్లిపాలతో కొంత అందుతుంది కానీ, కడుపులో ఉన్నప్పుడు రక్తంలోకి చేరేది వేరు. బంగ్లాదేశ్‌లో 340 మంది గర్భిణులతో చేసిన ఒక పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి వేరే టీకా వేశారు. ఫ్లూ టీకా వేయించుకున్న తల్లుల పిల్లల్లో, ఆరు నెలల లోపు, ల్యాబ్‌లో ఖాయమైన ఫ్లూ 63 శాతం తక్కువగా కనిపించింది. పుట్టిన బిడ్డకు మీరు మరో దారిలో ఇవ్వలేని రక్షణ అది.

అలాగని ఈ టీకాను ఆకాశానికెత్తను. బాగా కుదిరిన ఏడాది కూడా ఫ్లూని 40 నుంచి 60 శాతమే తగ్గిస్తుంది. వేయించుకున్నా ఫ్లూ రావచ్చు. అయితే 2010 నుంచి 2016 వరకు ఆస్ట్రేలియా, కెనడా, ఇజ్రాయెల్, అమెరికాల్లో చూస్తే, ఫ్లూతో ఆసుపత్రిలో చేరాల్సిన ముప్పు టీకా వేయించుకున్న గర్భిణుల్లో సగటున 40 శాతం తగ్గింది. నాకు ఆ లెక్క చాలు.

మీ తోటికోడలి జ్వరం సంగతి. ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్, లేదా దాని ముక్కలు. దాంతో ఫ్లూ రాదు. చెయ్యి సలపడం, ఒళ్లు నొప్పులు, కొద్దిగా జ్వరం ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. జ్వరం వస్తే ఓర్చుకుంటూ కూర్చోకుండా మీ డాక్టర్ని అడిగి పారాసెటమాల్ వేసుకోండి. ముక్కులో కొట్టే స్ప్రే టీకా మాత్రం వద్దు. దాంట్లో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది, గర్భిణులకు వేయరు. గతంలో ఈ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉన్నా, టీకా వేసిన ఆరు వారాల్లో గిలియన్ బారే అనే నరాల జబ్బు వచ్చి ఉన్నా సూది దాకా వెళ్లకముందే చెప్పండి. గుడ్డు పడకపోవడం ఇప్పుడు అడ్డంకి కాదు.

మీ అత్తయ్యగారి మాట తీసిపారేయదగ్గది కాదు. మొదటి మూడు నెలల మీద ఉన్న సమాచారం, తర్వాతి నెలల మీద ఉన్నంత విస్తారంగా లేదు. ఉన్నదంతా భరోసా ఇచ్చేదే. అమెరికాలో 2004 నుంచి ఏ నెలలోనైనా వేయవచ్చనే చెబుతున్నారు. చుట్టుపక్కల ఫ్లూ లేదంటే రెండు వారాలు ఆగి పన్నెండు దాటాక వేయించుకున్నా నేను మిమ్మల్ని తప్పుపట్టను. ఫ్లూ తిరుగుతుంటే మాత్రం ఆగకండి. టీకా పనిచేయడానికే రెండు వారాలు పడుతుంది, ఆ రెండు వారాలూ మీరు తరగతిలోనే ఉంటారు.

"నీ ఇష్టం" అన్న మీ ఆయన్ని కూడా అదే రోజు పక్కన కూర్చోబెట్టి వేయించండి. ఇంట్లోకి ఫ్లూ తెచ్చే దారుల్లో ఆయన ఒకరు.

*

ప్రశ్న: నాకు 34వ వారం. రెండేళ్ల కిందట మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఫ్లూ టీకా వేయించుకున్నాను. మళ్లీ కావాలా? కాన్పు దగ్గరపడ్డాక లాభం ఏముంది మేడమ్?

జవాబు: మళ్లీ కావాలి, ఇప్పుడే కావాలి. అప్పటి టీకా బలం తగ్గిపోయి ఉంటుంది. పైగా వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏ రకాలు కలపాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు తేలుస్తుంది: ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి. అంతెందుకు, బి యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా ఖాయంగా దొరక్కపోవడంతో దాన్ని టీకాలోంచి తీసేయమన్నారు. మీరు అప్పుడు వేయించుకున్న టీకా, ఇప్పటిది ఒకటే కాకపోవచ్చు.

తల్లి యాంటీబాడీలు బిడ్డకు ఎక్కువగా చేరేది ఆఖరి నెలల్లోనే. కాన్పుకు కనీసం రెండు వారాల ముందు పడితే బిడ్డకు మంచిది, ఇక రోజులు లెక్కపెట్టకండి. కోరింత దగ్గు టీకా 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోకపోయి ఉంటే, అదీ ఇదీ ఒకే రోజు వేయించుకోవచ్చు, వేరువేరు చేతులకు.

*

ప్రశ్న: నా భార్యకు 24వ వారం. నిన్న సాయంత్రం నుంచి 101 జ్వరం, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. ఫ్లూ టీకా వేయించలేదు. ఇప్పుడు వేయిస్తే తగ్గుతుందా? గర్భంతో ఉన్నప్పుడు మందులు వాడకూడదంటారు కదా?

జవాబు: బాబూ, ఈ ప్రశ్న పత్రికకు రాసేది కాదు. మీకు విడిగా ఫోన్ చేయించాం. మీలా ఆలోచించే మరికొందరి కోసం ఇక్కడ వేస్తున్నాను.

వచ్చిన ఫ్లూని టీకా తగ్గించదు. దాన్ని కోలుకున్నాక చూద్దాం. గర్భిణికి ఫ్లూ అని అనుమానం వస్తే పరీక్ష ఫలితం కోసం కూడా ఎదురుచూడకుండా ఓసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెడతాం. గర్భంలో ఏ నెలలోనైనా వాడతాం. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా మానేయం. అది డాక్టరు రాయాల్సిన మందు, సొంతంగా కొనకండి. జ్వరాన్ని అలా వదిలేయడం మాత్రం మంచిది కాదు. పారాసెటమాల్‌తో తగ్గించాలి. ఐబుప్రోఫెన్ వేయకండి.

ఆయాసం, ఛాతీలో నొప్పి, మగతగా ఉండటం, నీళ్లు కూడా నిలవని వాంతులు, మందేసినా దిగని జ్వరం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారే దాకా చూడకుండా రాత్రే తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే మొదటి మాటగా ఎన్నో వారమో చెప్పండి.