రూ.3,000లో గేమింగ్ హెడ్‌సెట్: వైరుదే తీసుకోండి

డెస్క్‌టాప్‌లో వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడుతూ మాట్లాడటానికి రూ.3,000 బ్లూటూత్ హెడ్‌సెట్ సరిపోతుందా అని అడిగారు. వద్దండీ. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ కాగానే కాల్ మోడ్‌కి మారి, స్టీరియో పోయి ఫోన్లో విన్నట్టుంటుంది. ఎదుటివాడి అడుగుల చప్పుడూ ఆలస్యంగా చేరుతుంది. 3.5 ఎంఎం పిన్ను ఉన్న వైరుదే మేలు. మీ సీపీయూకి మైక్, స్పీకర్ జాక్‌లు విడిగా ఉండి, హెడ్‌సెట్‌కి ఒకే పిన్ను ఉంటే దాన్ని రెండుగా చీల్చే వై-స్ప్లిటర్ కావాలి, లేకపోతే మైక్ పలకదు. డబ్బాపై 7.1 (చుట్టూ నుంచి వినిపించే సరౌండ్ సౌండ్) అని ఉందని ఎక్కువ పెట్టకండి. ఆ ధరలో అది చాలావరకు సాఫ్ట్‌వేర్ పనే, విండోస్ 10, 11లలో అలాంటి పనే చేసే విండోస్ సోనిక్ ఉచితంగానే వస్తుంది. చెన్నై ఉక్కకి రెగ్జిన్ కుషన్లు పొట్టు రాలతాయి, గుడ్డవి చూడండి. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనేముందు పది నిమిషాలు పెట్టుకోండి, కళ్లద్దాలుంటే మరీను. కణతల దగ్గర నొక్కితే అది వదిలేయండి.