రాజీనామా రాసే ముందు ఇంటి లోన్ ఫైలు తీయండి

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. వయసు 41. చేతికి వచ్చే జీతం 52,000. నాలుగు నెలల కిందట మెదడు పొరల్లో కణితి ఉందని ఆపరేషన్ చేశారు. మెనింజియోమా అన్నారు, క్యాన్సర్ కాదని బయాప్సీలో తేలింది. బిల్లు 6.2 లక్షలైంది. ఆఫీసు ఇన్సూరెన్స్ కవర్ 5 లక్షలు, అందులో 4.1 లక్షలు ఇచ్చారు. మిగతాదానికి తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాం. రెండు నెలలు సెలవులు సరిపోయాయి, తర్వాత రెండు నెలలు జీతం రాలేదు. ఇప్పుడు మూడు నెలల పాటు సగం రోజు, సగం జీతం మీద రమ్మన్నారు. వెళ్తున్నాను గానీ పన్నెండు దాటేసరికి తల బరువెక్కి అంకెలు కలవడం లేదు. మావారి ప్రింటింగ్ ప్రెస్ మీద నెలకు పాతిక వేల దాకా వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 19,500. ఉద్యోగం మానేసి, ఇంటి లోన్ మీదే ఇంకో ఎనిమిది లక్షలు టాపప్ లోన్ తీసుకుందామనుకుంటున్నాం. రెండు లక్షలతో అప్పు తీర్చి, మూడు లక్షలు ప్రెస్‌లో పెట్టాలని ఆలోచన. మిగతా మూడూ షేర్ మార్కెట్‌లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్‌లో పెడితే నెలకు పదిహేను వేలు తెస్తానని మా తమ్ముడు అంటున్నాడు. టర్మ్ పాలసీ (జీవిత బీమా) ప్రీమియం వచ్చే నెల కట్టాలి. ఈ ఏడాదికి ఆపవచ్చా?

జవాబు: ఆపరేషన్ బాగా జరిగి మళ్లీ ఆఫీసు మెట్లు ఎక్కుతున్నందుకు సంతోషం. ఆ తల బరువు గురించి, అంకెలు కలవకపోవడం గురించి డాక్టరుకు చెప్పే ఉంటారు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత నెలల తరబడి అలసట ఉండటం మామూలే. ఫిట్స్ రాకుండా మాత్రలు వాడుతుంటే వాటి వల్ల కూడా మగతగా ఉండవచ్చు. నేను చెప్పేది డబ్బు సంగతి. అందులో మీరు చేయబోతున్న పొరపాటు చాలామంది చేసేదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆఫీసు ఇన్సూరెన్స్ మీ సొంతం కాదు. ఐడీ కార్డు లాగే అదీ కంపెనీదే, రాజీనామా చేసిన రోజు తిరిగి ఇచ్చేయాల్సిందే. మీ ఉత్తరంలో కుటుంబానికి వేరే హెల్త్ పాలసీ ఉన్నట్టు ఎక్కడా లేదు. మీవారికి ఉందా, పిల్లలకు ఉందా అన్న మాటా లేదు. అంటే మెదడు ఆపరేషన్ అయి నాలుగు నెలలే అయిన మనిషి, ఇంకా ఏళ్ల తరబడి ఎమ్మారైలు తీయించుకోవాల్సిన మనిషి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కవర్‌ను చేతులారా వదులుకుంటున్నారు. బయట కొత్త పాలసీ అడిగి చూడండి. చాలా సంస్థలు ఇప్పుడు కాదంటాయి. ఇచ్చే సంస్థ కూడా ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఈ గడువు నాలుగేళ్లు ఉండేది.

కాబట్టి సగం జీతమైనా సరే, పేరు కంపెనీ రోల్స్‌లో ఉండనివ్వండి. సగం రోజు ఏర్పాటు గురించి హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ తీసుకోండి, ఈ కాలంలో కవర్ కొనసాగుతుందని అందులో స్పష్టంగా రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. మూడు నెలలకూ ఓపిక రాకపోతే ఇంకో మూడు నెలలు అడగండి, ఇంటి నుంచి పని అడగండి, తక్కువ పని ఉండే సీటు అడగండి. అకౌంట్స్‌లో ఇన్నేళ్లు చేసినవారిని ఏ కంపెనీ అయినా తేలిగ్గా వదులుకోదు.

ఎప్పటికైనా మానేయక తప్పకపోతే, ఆఫీసు గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా సంస్థ దగ్గరే సొంత పాలసీకి మారడానికి నిబంధనల్లో వీలుంది. ఇన్నాళ్లూ గ్రూప్‌లో గడిచిన కాలాన్ని కొత్త పాలసీలో పాత జబ్బుకు ఆగాల్సిన గడువు (వెయిటింగ్ పీరియడ్) నుంచి తగ్గిస్తారు. కానీ అడగాల్సింది ఉద్యోగంలో ఉండగానే, కనీసం నెల రోజుల ముందు. వాళ్లు మీ రిపోర్టులు చూశాకే నిర్ణయిస్తారు, ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. ఒప్పుకున్నట్టు కాగితం చేతికి వచ్చాకే రాజీనామా మాట ఎత్తండి.

మీవారికీ పిల్లలకూ మాత్రం ఈ నెలలోనే వేరే ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) తీసుకోండి, మీ కోసం ఆగొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. గది అద్దెకు పరిమితి లేని పాలసీ చూసుకోండి. ఎందుకంటే 5 లక్షల కవర్ ఉండి 4.1 లక్షలే రావడానికి కారణం గది అద్దే అని నా అనుమానం. పాలసీలో రోజుకు 5,000 గదే రాసి ఉంటే, మనం 8,000 గదిలో చేరితే కోత ఆ మూడు వేలతో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా అదే దామాషాలో కోస్తారు. సెటిల్‌మెంట్ లెటర్ తీసి చూడండి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల బిల్లుల్లో కూడా ఆ దామాషా కోత పెట్టి ఉంటే అది తప్పు. ముందు బీమా సంస్థకు రాయండి. అక్కడ తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఫీజు ఏమీ ఉండదు.

ఇప్పుడు అసలు పని. బీరువా తీసి ఇంటి లోన్ ఫైలు చూడండి. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు ఒక ఇన్సూరెన్స్ కూడా అంటగట్టి, ఆ ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపేసి ఉంటారు. చాలామందికి అది ఉన్నట్టే గుర్తుండదు. కొన్నింటిలో తీవ్ర వ్యాధుల కవర్ కూడా ఉంటుంది. ఆ జాబితాలో క్యాన్సర్ కాని మెదడు కణితి ఉంటే అది మీ జబ్బే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనం ప్రకారం కణితి మెదడు పొరల్లో ఉన్నా లెక్కలోకి వస్తుంది, స్కాన్‌లో నిర్ధారణ అయి ఆపరేషన్‌తో తీసేసి ఉంటే చాలు. పిట్యూటరీ కణితులు, పుర్రె ఎముక కణితులు అందులోకి రావు, మీది ఆ కోవ కాదు. ఎమ్మారై, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్సు ఒక దగ్గర పెట్టుకోండి. ఆలస్యమైంది కదా అని వదిలేయకండి, ఎందుకు ఆలస్యమైందో రాసి పంపండి. టర్మ్ పాలసీకి ఇలాంటి రైడర్ (అదనపు కవర్) ఏమైనా తీసుకున్నారేమో అదీ చూడండి.

టర్మ్ ప్రీమియం ఆపవచ్చా అని అడిగారు. ఆపకూడదు. పస్తులుండి అయినా కట్టండి అనడం మోటుగా ఉంటుంది గానీ దాదాపు అదే నా మాట. గ్రేస్ గడువు దాటి పాలసీ ల్యాప్స్ అయితే, మళ్లీ బతికించడానికి ఆరోగ్యం గురించి డిక్లరేషన్ అడుగుతారు. అందులో ఈ ఆపరేషన్ రాయాలి, రాస్తే కాదనే హక్కు వాళ్లకుంది. దాచిపెడదామని ఎవరైనా సలహా ఇస్తే, రేపు క్లెయిముకు తిరగాల్సింది మీవారే అని గుర్తుంచుకోండి.

ఇక టాపప్. ఎనిమిది లక్షలకు ఈఎంఐ ఇంకో ఎనిమిది వేల పైమాటే. పాతదీ కొత్తదీ కలిపితే నెలకు 27,000 దాటుతుంది. మీరు ఉద్యోగం మానేస్తే ఇంట్లోకి వచ్చేది ప్రెస్ మీద పాతిక వేలు. బియ్యం, స్కూలు ఫీజుల దాకా వెళ్లకముందే రెండు వేలు తక్కువ. రోజూ లెడ్జర్లు చూసే మీకు ఈ లెక్క నేను చెప్పాలా అమ్మా? పెళ్లికార్డుల సీజన్ దాటాక ప్రెస్ ఎలా ఉంటుందో మీకే తెలుసు. తమ్ముడి ట్రేడింగ్ గురించి ఎక్కువ రాయను. మూడు లక్షల మీద నెలకు పదిహేను వేలంటే ఏడాదికి 60 శాతం. ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తుల్లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసింది. ఇల్లు తాకట్టు పెట్టి ఆ గుంపులో చేరతారా? తమ్ముడికి అంత నమ్మకం ఉంటే తన డబ్బుతో ఆడుకోమనండి.

రెండు రూపాయల వడ్డీ మాత్రం వెంటనే తెగాలి. అది ఏడాదికి 24 శాతం, నెలకు నాలుగు వేలు వడ్డీకే పోతున్నాయి, అసలు అలాగే ఉంటోంది. పీఎఫ్ ముట్టుకోవద్దని మామూలుగా గొంతు చించుకుని చెప్పేవాణ్ని నేనే. కానీ 8.25 శాతం తెచ్చే డబ్బును కదలకుండా ఉంచి 24 శాతం అప్పు మోయడంలో అర్థం లేదు. వైద్య ఖర్చుల కింద పీఎఫ్‌లో ఎంత వస్తుందో చూడండి. చాలకపోతే మిగతాదానికి ప్రభుత్వ బ్యాంకులో బంగారం పెట్టండి, వడ్డీ ఇప్పటిదాంట్లో సగానికి లోపే ఉంటుంది. అప్పు తీరాక ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మరవకండి.

సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టేవి) ఏవైనా ఉంటే పూర్తి జీతం వచ్చేదాకా ఆపేయండి. మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో కూడేదాకా ప్రెస్‌కు కొత్త మెషీన్ మాట వద్దు.

ఈ ఆదివారం ఆ లోన్ ఫైలు వెతకండి. పాలసీ కాగితం దొరికితే తీవ్ర వ్యాధుల జాబితా ఉన్న పేజీ ఫొటో తీసి నాకు పంపండి, క్లెయిము ఎలా రాయాలో చెబుతాను. ఈలోపు బ్యాంకువాళ్లు టాపప్ కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చినా సంతకం పెట్టకండి.