బోరు వేసేటప్పుడు అక్కడే ఉండు తల్లీ

తల్లీ,

ఉద్యోగంలో చేరగానే నీకు సాయిల్ టెస్టింగ్ పని అప్పజెప్పారని, డిజైన్‌లో వేస్తారనుకుంటే ఇలా అయిందేంటని నువ్వు కాస్త డీలా పడ్డావని మీ నాన్న చెప్పాడు. డీలా పడకు. స్టీలూ సిమెంటూ గ్రేడ్ చూసి కొనుక్కుంటాం, నచ్చకపోతే లారీ వెనక్కి పంపేస్తాం, కింద మట్టి ఒక్కటే ఎలా ఉంటే అలా తీసుకోవాల్సింది, దాని సంగతి ముందు తెలిసేది నీకే.

అన్నిటికంటే ముందు, పునాది కింది మట్టి చూడ్డానికి వేసే బోరు ఎంత లోతు వెయ్యాలో చూసుకో. కెనడాలో విన్నిపెగ్ పక్కన ట్రాన్స్‌కోనా అని ఉంది, అక్కడ రైల్వే వాళ్ళు పది లక్షల బుషెళ్ళ (బుషెల్ అక్కడి ధాన్యం కొలత) ధాన్యం పట్టే కాంక్రీట్ గోదాము కట్టారు, 77 అడుగుల వెడల్పు 195 అడుగుల పొడవు రాఫ్ట్ మీద, అంటే కిందంతా పరిచిన ఒకే కాంక్రీట్ పలక మీద. వాళ్ళేం నిర్లక్ష్యం చెయ్యలేదు, గుంట తవ్వి అడుగున చిన్న ప్లేట్ మీద బరువు పెట్టి లోడ్ టెస్ట్ కూడా చేశారు, బాగానే వచ్చింది. 1913 అక్టోబర్ 18న, గోదాములో 8,75,000 బుషెళ్ళు పడ్డాక, గంటలోనే మొత్తం ఒక అడుగు దిగిపోయింది, తర్వాత పడమరకి ఒరగడం మొదలుపెట్టి ఒక రోజు గడిచేసరికి దాదాపు 27 డిగ్రీలు వాలిపోయింది. కాంక్రీట్ మాత్రం పెద్దగా చెక్కుచెదరలేదు, అందుకే తర్వాత కింద బండ దాకా పియర్లు (కాంక్రీట్ స్తంభాలు) దించి జాకీలతో మళ్ళీ నిలబెట్టి వాడుకున్నారు. తప్పెక్కడంటే పైన గట్టి బంకమట్టి, దాని కింద మెత్తటి బంకమట్టి ఉన్నాయి, చిన్న ప్లేట్ పెట్టి టెస్ట్ చేస్తే బరువు పై పొరలోనే ఆగిపోతుంది, 77 అడుగుల రాఫ్ట్ బరువు ఆ కింది పొర దాకా వెళ్తుంది. ఆ స్థలంలో సరిగ్గా బోర్లు వేసి లెక్క కట్టింది 1951లో, అప్పటికి వచ్చిన థియరీతో చూస్తే ఆ బరువుకి ఆ మట్టి ఆగదని తేలింది. అందుకే ఎవరైనా ప్లేట్ లోడ్ టెస్ట్ చేశాంగా చాల్లే అంటే ఒప్పుకోకు, రాఫ్ట్ వెడల్పు ఎంతో అడుగు, దానికి కనీసం ఒకటిన్నర రెట్లు కిందికి వెళ్ళమని చెప్పు, మధ్యలో బండ తగిలితే అది నిజంగా బండో పెద్ద రాయో తేల్చుకుని ఆపు.

రెండోది బోర్ లాగ్, అంటే ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసే పట్టీ. టెర్జాగీ అనే ఇంజినీరు పేరు చదివే ఉంటావు, ఆయన 1912లో అమెరికా వెళ్ళి డ్యాముల సైట్లన్నీ తిరిగాడు, ఏ మట్టి మీద ఏ పునాది ఎలా నిలబడిందో రికార్డులు పోగేస్తే సూత్రం దొరుకుతుందని ఆశ, తీరా చూస్తే ఒకే పేరు రాసిన మట్టి ఒకచోట బాగా నిలబడింది, ఇంకోచోట ముంచేసింది. పేరు తప్ప కొలత లేదు మరి. తర్వాత ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పుకుంటూ అక్కడే చేతికందిన సామాన్లతో పరికరాలు చేసుకుని మట్టిని కొలవడం మొదలుపెట్టాడు, 1925లో వియన్నాలో వచ్చిన ఆయన పుస్తకంతోనే మన సాయిల్ మెకానిక్స్ సబ్జెక్టు ఒక దారిన పడింది. నాకు ఈ మనిషంటే చాలా గౌరవం. కాబట్టి నువ్వు లాగ్‌లో ఊరికే బంకమట్టి అని రాసి వదిలెయ్యకు, రంగు, తడి, బొటనవేలు ఎంత దిగుతోంది, సున్నపు గడ్డలున్నాయా, అన్నీ రాయి. శాంపిల్ చిన్న ముద్ద తీసి అద్దం పలక మీద అరచేత్తో దారంలా రోల్ చెయ్యి, సుమారు మూడు మిల్లీమీటర్ల మందానికి వచ్చేసరికి విరుగుతుంటే అప్పుడు అందులో ఉన్న తడి శాతమే ప్లాస్టిక్ లిమిట్, స్వీడన్‌లో అటర్‌బర్గ్ అనే పొలాల మట్టి చూసే కెమిస్టు 1911 నాటికే చెప్పిన పద్ధతే దీనికి మూలం. ల్యాబ్ రిపోర్టు ఎటూ వస్తుంది, కానీ చేత్తో చేసి చూసినవాళ్ళకి ఆ రిపోర్టులో తప్పుంటే ఇట్టే తెలిసిపోతుంది.

ఎస్‌పీటీ (బోరు అడుగున గొట్టాన్ని సుత్తితో కొట్టి ఎన్ని దెబ్బలకి దిగుతుందో చూసే పరీక్ష) చేసేటప్పుడు నీడకి పోయి కూర్చోకు. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచే పడుతోందా, దెబ్బలు ఎవరు లెక్కపెడుతున్నారు, చూడు. సాయంత్రానికి అందరికీ తొందరే, ఎన్ వాల్యూలు, అంటే ఆ దెబ్బల లెక్కలు, అన్నీ ఒకేలా నున్నగా వస్తుంటే అనుమానించు.

నల్లరేగడి తగిలితే ఇంకా జాగ్రత్త, వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిచ్చే మట్టి, బరువు మోస్తుందా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, చిన్న ఇల్లయితే ఉబ్బినప్పుడు పైకే ఎత్తేస్తుంది. మామూలుగా మూడున్నర మీటర్ల కింద ఆ తేడా ఉండదని లెక్క, రూర్కీ సీబీఆర్‌ఐ (భవన నిర్మాణ పరిశోధన సంస్థ) వాళ్ళు అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే కాంక్రీట్ స్తంభాలు) చేసింది అందుకే. ఇసకంటే భయపడేవాళ్ళకి మాత్రం ధవళేశ్వరం ఆనకట్ట చూపించు. లోతు తెలియని ఇసకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాతవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటన్ దొరే రాశాడు.

చివరగా నీళ్ళు. బంకమట్టి మీద బరువు పడితే ముందు ఆ బరువు మోసేది లోపలి నీళ్ళే, అవి మెల్లగా బయటికి పోతుంటే మట్టి దిగుతుంది, గట్టిపడుతుంది, దీన్ని లెక్కలోకి తెచ్చింది కూడా టెర్జాగీయే. పీసా గోపురం 1173లో మొదలై మధ్యలో యుద్ధాల వల్ల రెండుసార్లు చాలా ఏళ్ళు ఆగిపోయింది, ఆ ఆగిన కాలంలో కింది మట్టి గట్టిపడబట్టే నిలిచింది, ఏకబిగిన కట్టి ఉంటే అప్పుడే పడిపోయేదని చూసినవాళ్ళ అభిప్రాయం. అందుకని బోరు వేసిన రోజే నీటిమట్టం రాసేసి రాకు, మర్నాడు మళ్ళీ వెళ్ళి కొలువు, తేదీ వెయ్యి, ఎండాకాలంలో కొలిచిందైతే వానల్లో ఎంత పైకొస్తుందో పక్కన బావి ఉన్నవాళ్ళని అడిగి అది కూడా రాయి. మొదటి లాగ్ పూర్తవగానే ఫోటో తీసి నాకు పంపు, చూసి చెప్తాను.

పెదనాన్న